పొయ్యి పక్క కుర్చీ

కురోటాని ఏరు కట్ట తెంచుకుని కింది వీధి కొయ్యవంతెనను ఎత్తుకుపోయిన ఏడాది ఒకటుంది. ఆ ఊళ్లో పెళ్లిళ్లూ చావులూ ఇప్పటికీ దాన్నిబట్టే లెక్క. ఇది ఆ వరద తరువాత మూడో చలికాలం మాట. వంతెన మళ్లీ కట్టారు, ఈసారి సిమెంటుతో. బడి గోడ మీద మాత్రం బురదనీరు నిలిచిన గీత అలాగే ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా లోపలినుంచి పైకి తేలుతుంది.

ఆ గీత కిందనే జోళ్ల గూళ్లు. ప్రోసర్ మాస్టారు అడుగు వరస చివరి గూటి ముందు గొంతుక్కూర్చుని, మంచు కారుతున్న బయటి బూట్లు విప్పుతున్నాడు. చాలా పొడుగు మనిషి. ఎముకలు పెద్దవి, చేతులు మోకాళ్లదాకా వేలాడతాయి. అంత పొడుగువాడికి అంత కింది గూడు ఎందుకిచ్చారో అతనెప్పుడూ అడగలేదు. వచ్చిననాడు అదొక్కటే ఖాళీగా ఉంది. పేరు రాసి అంటించారు. ఆ పేరు కింద వంగీ వంగీ నడుం పట్టేసింది. గూడు మాత్రం మారలేదు.

బడి లోపల మాత్రమే వేసుకునే జోళ్లు గూట్లోంచి తీసి తొడుక్కున్నాడు. ఒకప్పుడు తెల్లటి గుడ్డజోళ్లు. ఎడమదాని ముందరి భాగం అట్ట నుంచి ఊడి నోరు తెరిచిన చేపలా ఉంది. పెట్టెలకంటించే పట్టీ చుట్టి లాగిస్తున్నాడు. కొత్తవి కావాలి. అతని కాలి కొలత ఆ ఊళ్లో దొరకదు. చెప్పుల కొట్టు హిరుమా కోబె రేవుకు రాస్తే, అక్కడెవరో చేసి పంపాలి. వచ్చేసరికి ఒక ఋతువు దాటిపోతుంది. అందుకే అతను చేయించుకోలేదు. జోళ్లు వచ్చేనాటికి తాను ఈ బడిలో ఉంటాడో ఉండడో తెలియదు.

అతని కొలువు ఏడాదికొక్క ఏడాది. మార్చితో చదువుల ఏడు ముగుస్తుంది, దాంతో అతని కాగితమూ ముగుస్తుంది. ఏటా కొత్త సంవత్సరం పండుగ సెలవులు కాగానే, హెడ్మాస్టరు తరువాతివాడైన చిన్న హెడ్మాస్టరు కుమెతా అతని బల్ల దగ్గరికి వచ్చి, తిడుతున్నట్టే ముఖం పెట్టి, వచ్చే ఏడు కూడా మిమ్మల్ని భరించమన్నారు అనేవాడు. అంతే. ఆ ఒక్క మాటతో ఇంకో ఏడాది గడిచిపోయేది. ఈసారి పండుగ వెళ్లింది. ఇళ్లకప్పుల మీది మంచు రెండు విడతలు దించారు. కుమెతా ఆ మాట అనలేదు.

ఆ మాట లేకపోతే ప్రోసర్‌కి ఏదీ లేదు. సోయా జున్ను కొట్టు మీద అతనుండే రెండు గదులు ఊరివాళ్లు ఇచ్చినవి. బడి పోతే గదులు పోతాయి, గదులు పోతే దేశంలో ఉండే అనుమతి పోతుంది. పుట్టింది వేల్సులో ఒక బొగ్గుగని ఊళ్లో. ఆ గని మూసేశారు. అక్క ఒకతె ఉండేది, ఆమె కూడా పోయింది. కుర్రతనంలో ఓడల్లో తంతి పనివాడిగా తిరిగాడు. ఓ ఏడు నీగతా రేవులో ఓడను తుక్కుకింద అమ్మేశారు. తోటివాళ్లు ఇంకో ఓడ ఎక్కారు, ఇతను ఎక్కలేదు. ఎందుకెక్కలేదంటే, ఆ సాయంత్రం నూడుల్సు బాగున్నాయని చెబుతాడు. పెద్ద చదువరి కాడు, గొప్ప మాస్టారూ కాడు. పుస్తకంలో ఉన్న ఇంగ్లీషును మెల్లగా, పెద్దగా చదువుతాడు. పిల్లలు తిరిగి అంటారు. వాళ్లు పెద్దవాళ్లై సంతలో కనిపిస్తే తల వంచుతారు. నేర్చుకున్నది మరిచిపోయి ఉంటారు. అయినా వంచుతారు. అది చాలు అతనికి.

దగ్గొచ్చింది. గూళ్లకు చెయ్యి ఆనించి దగ్గి, లేచి, ఉపాధ్యాయుల గదివైపు నడిచాడు.

ఆ గది ద్వారబంధం పైకమ్మి సరిగ్గా అతని నుదుటి ఎత్తులో ఉంటుంది. వంగడం తెలుసు. మనసులో ఏదైనా ఉన్ననాడు మరిచిపోతాడు. అలా తగిలినప్పుడల్లా వ్యాయామం మాస్టారు నెజు, చదువుతున్న పేపర్లోంచి తలెత్తకుండానే, "కమ్మికేమైనా అయిందేమో చూడండి" అనేవాడు. గదంతా నవ్వేది. పాత మాటే, ఎన్నేళ్లనుంచో అదే మాట, అయినా నవ్వేవాళ్లు. వరద వచ్చిన మర్నాడు బురద ఎత్తుతున్నప్పుడు కూడా నవ్వారు.

ఇవాళా తగిలింది. టక్కుమని గదంతా వినబడింది. ప్రోసర్ నుదురు పట్టుకుని, అలవాటు కొద్దీ పెదాలు సాగదీసి, మాట కోసం చూశాడు.

ఎవరూ నవ్వలేదు.

నెజు నోరు తెరిచాడు. కుమెతా వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. తరువాత లేచి నిలబడి, "దెబ్బ తగిలిందా మాస్టారూ? కూర్చోండి, కూర్చోండి" అన్నాడు. పిల్లల తల్లిదండ్రులు వచ్చినప్పుడు మాట్లాడే గొంతు అది. ఆ గొంతు తనకు వాడటం ప్రోసర్ ఎప్పుడూ వినలేదు.

కూర్చుందామని తలుపు పక్కనున్న తన బల్లకేసి తిరిగితే అక్కడ బల్ల లేదు. గదిలో ఎవరి చోటు వాళ్లకుంది. కిటికీ దగ్గర కుమెతా, పొయ్యి చుట్టూ తలనెరిసినవాళ్లు, ఆ వెనక నడివయసువాళ్లు, తలుపు గాలి కొట్టేచోట నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు. ప్రోసర్ చోటు మొదటినుంచీ తలుపు దగ్గరే. నిన్న సాయంత్రం కూడా అక్కడే ఉంది. ఇప్పుడతని బల్లా, కుర్చీ, మట్టి కప్పు, సుద్దముక్కల డబ్బా అన్నీ కిరసనాయిలు పొయ్యి పక్కన సర్ది ఉన్నాయి. కుర్చీ మీద కొత్త దిండు వేశారు.

"అక్కడ గాలి ఎక్కువ. చలికాలం కదా" అని కుమెతా కాగితాల్లోకి చూస్తూ అన్నాడు.

గాలి పదమూడేళ్లుగా ఎక్కువే. ప్రోసర్ పొయ్యి పక్కన కూర్చున్నాడు. మోకాళ్లకు వేడి తగులుతోంది, వీపు మాత్రం వణుకుతోంది. సంగీతం టీచరమ్మ సంగతి గుర్తొచ్చింది. ఆమెను కొండల్లోని బడికి పంపేముందు ఒక నెల్లాళ్లు అందరూ ఆమెతో తేనెలో ముంచిన మాటలే మాట్లాడారు. ఆమెకు తప్ప అందరికీ తెలుసు. తెలిసినవాళ్లు చెప్పకూడదు, అదక్కడి పద్ధతి. ఓ ఉదయం అరలో ఆమె కప్పు కనిపించలేదు. పంపేవాడికే పీట వేస్తారన్నమాట. నాకూ వేశారు, అనుకున్నాడు.

ఆ రోజు పొయ్యికి నూనె తెచ్చే వంతు అతనిది. వెనక కొట్టంలోకి వెళితే డబ్బా నిండి, తుడిచి, గడపలో పెట్టి ఉంది. ఎవరు నింపారంటే ఎవరూ చెప్పలేదు. దాన్ని లేపబోతే లెక్కల మాస్టారు పరుగున వచ్చి చేతిలోంచి లాక్కున్నాడు. ఆ లెక్కల మాస్టారు పని ఎగ్గొట్టడంలో బడికంతా పేరుపడ్డవాడు.

మొదటి పీరియడు రెండో తరగతివాళ్లకి. వాళ్లు బడి మొత్తానికి అల్లరివాళ్లు. ప్రోసర్ దగ్గితే వెనకబెంచీలో ఒకడు అచ్చం అలాగే దగ్గేవాడు, ఇంకొకడు దానికి పైదగ్గు అందుకునేవాడు. ఇవాళ పాఠం మధ్యలో దగ్గు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బల్ల పట్టుకుని వంగిపోయాడు. తేరుకుని చూస్తే పిల్లలందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నారు. బయట కప్పు మీదనుంచి మంచుగడ్డ జారిపడిన చప్పుడొకటి వినిపించింది. చదవమంటే అందరూ ఒక్క గొంతుతో చదివారు, ఒక్క తప్పు లేకుండా. ఆ తరగతిలో అతనికి భయం వేయడం అదే మొదలు.

మధ్యాహ్నం బంట్రోతు త్సునె బామ్మ పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. అందరికీ ఉన్నట్టే బ్రెడ్డు, పాలు, కూర. అతని పళ్లెంలో మాత్రం అదనంగా ఇంటినుంచి వండి తెచ్చిన ముల్లంగి, ఒలిచిన కమలాపండు. బామ్మ డెబ్బై దగ్గరపడ్డ మనిషి, వంగిపోయింది. ఆమె నడుమూ అతని నడుమూ కలిపితే ఒక తిన్నటి మనిషి అవుతాడని నెజు అంటూండేవాడు. రోజూ కాళ్లకు మట్టి అంటించుకుని వస్తావని అతన్ని తిట్టిపోసే ఆమె, ఇవాళ పక్కనే నిలబడింది.

"తిను నాయనా. బెల్టు చూడు, కొత్త బొక్క పొడిచావు."

"ఈ మధ్య ఆకలి లేదు బామ్మా."

"ఆకలి లేకపోతే నా కోసం తిను."

అని మొహం తిప్పుకుని కెటిల్ తీసుకుపోయింది. కెటిల్ నిండుగానే ఉంది.

ముల్లంగి నములుతూ అతను తన తప్పేమిటా అని వెతుక్కున్నాడు. శరదృతువులో బడికి ఛాతీ ఎక్స్‌రే బొమ్మలు తీసే బండి వచ్చింది. అందరూ చొక్కాలు విప్పి ఎక్కారు, దిగారు. తరువాత ఎందుకో అతనొక్కణ్ణే పట్నం ఆసుపత్రికి రమ్మన్నారు. డాక్టరు మాటలు అర్థం కావేమోనని కుమెతా తోడు వచ్చాడు. అక్కడ ఇంకో బొమ్మ తీశారు. డాక్టరు కుమెతాను లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. బయటికి వచ్చి కుమెతా, పాతబడ్డ జలుబట, సిగరెట్లు మానమన్నారు, అన్నాడు. రైల్లో తిరిగొస్తుంటే అతనికి ఈలుచేప అన్నం పెట్టె కొనిపెట్టాడు. తనకూ ఒకటి కొనుక్కుని, ఊరు వచ్చేదాకా మూత తీయకుండా ఒళ్లోనే పెట్టుకున్నాడు. అయితే అదే కారణం, ఆ రోజు బడికి సెలవు పెట్టాల్సి వచ్చింది, దగ్గుతో పీరియడ్లు పోతున్నాయి, దగ్గే మాస్టారు ఎవరికి కావాలి, అనుకున్నాడు ప్రోసర్. ఉద్యోగం గురించే ఆలోచిస్తున్నాడు. పాపం, అతని ఆలోచన అంతవరకే వెళ్లింది.

పాఠాలయ్యాక బడంతా ఊడ్చుకునే వేళ. పిల్లలూ మాస్టార్లూ తలకు గుడ్డలు కట్టుకుని నేల తుడుస్తారు. ప్రోసర్‌కి పడమటి మెట్లు. తడిగుడ్డతో వెళ్లేసరికి మెట్లు తుడిచేసి ఉన్నాయి, ఇంకా తడి ఆరలేదు. గుడ్డ చేతిలో వేలాడుతుంటే అక్కడే నిలబడిపోయాడు. పనిచేయనివ్వని చోట మనిషి ఎక్కడ నిలబడాలో తెలియదు. ఇక ఆగలేకపోయాడు.

కుమెతా నడవ చివర కిటికీ దగ్గరున్నాడు. పొట్టిగా, సన్నగా, ఎప్పుడూ అదే బూడిదరంగు కోటు. ఇవాళ మంచు పడుతుందా అని అడిగినా, ఆలోచించవలసిన విషయమే అంటాడు తప్ప అవును కాదు అని చెప్పని మనిషి. అలాంటివాణ్ణి మొహం మీద ఏదీ అడగకూడదు. ఆ సంగతి తెలిసి కూడా ప్రోసర్ అడిగాడు.

"వచ్చే ఏడు నేనుంటానా లేదా, అదొక్కటి చెప్పండి కుమెతా గారూ. వెళ్లమంటే వెళతాను. ముందు తెలిస్తే గదులు ఖాళీ చేసుకుంటాను."

కుమెతా కళ్లజోడు తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"వెళ్లమన్నదెవరు? మీరుంటారు. వచ్చే ఏడూ ఉంటారు, ఆపై ఏడూ ఉంటారు. మీకెన్నాళ్లుండాలనిపిస్తే అన్నాళ్లు. మాటిస్తున్నాను."

అని నడుము వంచి దండం పెట్టాడు. చిన్న హెడ్మాస్టరు తలుపు దగ్గరి మాస్టారికి వంగాల్సినంత కాదు. దానికంటే చాలా ఎక్కువ.

ప్రోసర్ గుండెల మీది రాయి దిగింది. హమ్మయ్య అనబోయాడు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

ఏనాడూ మాటివ్వని మనిషి మాటిచ్చాడు. ఏడాదికొక్క ఏడాది కొలిచి ఇచ్చేవాడు, ఇప్పుడు చేటతో పోస్తున్నాడు. ప్రోసర్‌కి వాళ్ల ఊరి గని గుమాస్తా కళ్లముందుకొచ్చాడు. రెండు పూటలు పనికి రాకపోతే ఆ మనిషి గనిలోకి పట్టుకెళ్లే దీపం ఇంకొకడికి ఇచ్చేసే కఠినుడు. ప్రోసర్ నాన్న బొగ్గుదుమ్ముతో ఊపిరందక మంచం పట్టిన చలికాలం, ఆ గుమాస్తా టోపీ చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. నీ దీపం నీ కొక్కేనికే ఉందయ్యా, ఎవరికీ ఇవ్వం, నీకెప్పుడు బుద్ధిపుడితే అప్పుడు రా, అన్నాడు. దానికి ముందే ఇరుగుపొరుగువాళ్లు నాన్నతో వేళాకోళాలు మానేశారు. రొట్టె తెచ్చిపెట్టి మెల్లగా మాట్లాడటం మొదలెట్టారు. గుమాస్తా వెళ్లగానే నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మతో కూడా.

ఈ దేశంలో డాక్టరు చావుకబురు రోగికి చెప్పడు. ఇంటివాళ్లకు చెబుతాడు. వాళ్లు కడుపులో పెట్టుకుని నవ్వుతూ తిరుగుతారు. ఇంటివాళ్లు లేనివాడికి బడే ఇల్లు. ఇదంతా ప్రోసర్‌కి తెలియనిది కాదు. జున్ను కొట్టాయన భార్య పోయినప్పుడు చూశాడు. చివరిదాకా ఆమెకు పొట్టలో పుండనే చెప్పారు. తెలిసినది తన మీదికి వస్తుందనుకోలేదు, అంతే.

కిటికీ అవతల నెజు పిల్లలతో మంచు తోడిస్తున్నాడు. పారలు నేలకు గీసుకుంటున్న చప్పుడు వస్తోంది. ప్రోసర్ కుమెతా చేతులకేసి చూశాడు. కోటు అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్లొచ్చిన నాటినుంచి ఈ చిన్న మనిషి దీన్ని మోస్తున్నాడు. ఒక్కడూ మొయ్యలేక గదిలో వాళ్లందరికీ తలో పిడికెడు పంచాడు. నిజమా అని ఇప్పుడడిగితే మళ్లీ అబద్ధమాడాలి. అబద్ధం చేతకానివాడు.

గోడవైపు తిరిగి పడుకోవడం తేలిక. ప్రోసర్ కాలు కొంచెం ముందుకు జరిపి చూపించాడు.

"అయితే కొత్త జోళ్లు చేయించుకోవాలి. ఇవి చూడండి, నోరు తెరిచాయి."

కుమెతా ఆ జోడు వైపు చూశాడు.

"చేయించుకోండి. అట్ట గట్టిది వేయించండి. చాలా ఏళ్లు…" వంగి జోడు మీది పట్టీని వేలితో అదిమాడు. "చాలా ఏళ్లు రావాలి."

"హిరుమాకి చెబుతాను. రేపే వెళతాను."

సాయంత్రం ఊరి మైకులో పిల్లల్ని ఇళ్లకు పిలిచే పాట మోగుతుండగా ప్రోసర్ ఉపాధ్యాయుల గదికి వచ్చాడు. అందరూ బల్లల దగ్గర ఉన్నారు. అతను తలుపు ముందు ఒక క్షణం ఆగాడు. కమ్మి ఎక్కడుందో బాగా చూశాడు. చూసి, వంగకుండా నడిచాడు. టక్కుమంది. పొద్దుటికంటే గట్టిగా.

గది బిగుసుకుపోయింది. ప్రోసర్ నుదురు పట్టుకుని నెజునే చూస్తూ నిలబడ్డాడు. నెజు తల వంచుకున్నాడు. ప్రోసర్ కదల్లేదు. చివరికి నెజు పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, దాని వెనకనుంచి, "కమ్మికేమైనా అయిందేమో చూడండి" అన్నాడు.

"కమ్మి బాగానే ఉంది. మీరు కట్టించిందా ఏం, అంత బెంగ?" అన్నాడు ప్రోసర్.

ముందు లెక్కల మాస్టారు నవ్వాడు, తరువాత మిగిలినవాళ్లు. అవసరమైనదానికంటే ఎక్కువసేపు నవ్వారు. త్సునె బామ్మ మాత్రం నవ్వలేదు. పొయ్యి మీది కెటిల్ తీసుకుని వంటగదిలోకి వెళ్లింది. చాలాసేపటిదాకా బయటికి రాలేదు. ప్రోసర్ తన కుర్చీని పొయ్యి పక్కనుంచి లాగి తలుపు దగ్గర వేసుకున్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. కాసేపటికి ఎవరో దిండు తెచ్చి వీపు వెనక పెట్టారు. దాన్ని అతను తీయలేదు.

ఆ ఏడు వానాకాలం మొదలవకముందే, వరినాట్లకు మళ్లకు నీళ్లు పెడుతున్న రోజుల్లో, ప్రోసర్ మాస్టారు పట్నం ఆసుపత్రిలో పోయాడు. కుమెతా మంచం పక్కన కూర్చుని రాబోయే టర్ములో ఎవరికి ఏ తరగతో చెబుతూ ఉన్నాడట. ప్రోసర్ వింటూ, రెండో తరగతి నాకొద్దు, అల్లరివాళ్లు, అన్నాడట. చివరిదాకా ఇతను అడగలేదు, ఆయన చెప్పలేదు.

జోళ్లు చేయిస్తానని మాటిచ్చిన మర్నాడు పొద్దున మాత్రం అతను బడికి వెళ్లేదారిలో సిమెంటు వంతెన దాటి హిరుమా కొట్టు దగ్గర ఆగాడు. హిరుమా అప్పుడే తలుపు చెక్కలు తీస్తున్నాడు. కొత్త జోళ్లు కావాలంటే, మాట్లాడకుండా గోధుమరంగు కాగితం ఒకటి నేల మీద పరిచాడు. ప్రోసర్ మేజోడు విప్పి, దాని మీద కాలు పెట్టి, బలమంతా మోపి నిలబడ్డాడు. హిరుమా మోకాళ్ల మీద కూర్చుని పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీశాడు. కోబెవాళ్లకు తొందరగా పంపమని రాస్తానన్నాడు.

"తొందరేం లేదు. గట్టిగా చేయమని రాయి" అని ప్రోసర్ మేజోడు తొడుక్కుని బడికి పోయాడు.

కొలతలు రాసి పంపాక హిరుమా ఆ కాగితం పారేయలేదు. కొట్లో గడియారం కింద మేకుకు గుచ్చి ఉంది. ఊళ్లో ఎవరికీ సరిపడనంత పొడుగు పాదం, మడమ దగ్గరా పక్కలా గీత తిన్నగానే ఉంది, బొటనవేలు చుట్టూ తిరిగేచోట మాత్రం గీసినవాడి చెయ్యి వణికింది.